క్షీణయుగ మెవ్వరిది?

రాయవరము, రామచంద్రపురము, ద్రాక్షారామము ప్రాంతములనుండి కళాశాలలకు బోవు మన బిడ్డలు తెలుగు సాహిత్య చరిత్ర పేరిట నొక పట్టికను వల్లె వేయుచున్నారు. నన్నయ యుగము, శివకవి యుగము, తిక్కన యుగము, ఎఱ్ఱన యుగము, శ్రీనాథ యుగము, ప్రబంధ యుగము, దక్షిణాంధ్ర యుగము, క్షీణ యుగము, ఆధునిక యుగము. ఈ తొమ్మిది పేళ్లను తప్పక వరుసగా వ్రాసినవారు పరీక్షలో గట్టెక్కుచున్నారు. ఆ పేళ్ల నే కొలతతో బెట్టిరని యడిగిన విద్యార్థి మాకు కానరాలేదు.

ఈ పట్టికను సాక్ష్యముగా న్యాయస్థానమున దాఖలు చేసినచో ప్రతిపక్షపు వకీలు నిమిషములో గొట్టివేయించును. నన్నయ, తిక్కన యనునవి మనుష్యుల పేళ్లు. శివకవి యనునది మతమునుబట్టి వచ్చినది. ప్రబంధ మనునది ప్రక్రియ. దక్షిణాంధ్ర మనునది దేశము. క్షీణ మనునదో, తీర్పు! ఒక పొలమునకు తూర్పుహద్దు గొలుసుతోను, పడమటిహద్దు జేనతోను, ఉత్తరపుహద్దు కరణముగారి మాటతోను నిర్ణయించి, దక్షిణపు చెక్కమీద 'ఇది చవుడు' అని వ్రాసిపెట్టినట్లున్నది.

ఆ చవుడునేల నెంతకాలమని చెప్పుచున్నారు? 1775 మొదలు 1875 వఱకు. మంచిది, ఆ నూఱేండ్లలో నేమి పండినదో చూతము. 1767లో జన్మించి 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి కీర్తనలు దాదాపన్నియు నా చేనిలోనివే. తరిగొండ వెంగమాంబ 1817 వఱకు జీవించి ద్విపదలను, యక్షగానములను రచించినది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో కాశికి బోయి వచ్చి వ్రాసిన యాత్రాచరిత్ర 1838లో అచ్చయినది. వారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండినవారు గనుక మా వృత్తికి చుట్టమే యనవచ్చును! బ్రౌనుదొరగారి నిఘంటువు 1852లోను, చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లోను, బాలవ్యాకరణము 1858లోను వెలువడినవి. తెలుగు అచ్చుపుస్తకము నిలదొక్కుకొన్నది, వచనము తలయెత్తినది, సంగీతము దక్షిణదేశమునంతను జయించినది. క్షీణించిన దేమి?

క్షీణించినది ప్రబంధ మొక్కటియే. అసలు చిక్కు ఇక్కడనే యున్నది. మన పండితులు ప్రక్రియలలో ప్రబంధమును సింహాసన మెక్కించి, పదమును, కీర్తనను, యక్షగానమును, యాత్రాచరిత్రమును ద్వారపాలకులుగా నిలిపిరి. పిమ్మట సింహాసనము ఖాళీగా గనబడగానే రాజ్యమే లేదనిరి. ప్రక్రియను కొలుచుటలో జరిగిన లోపమే కాలమును కొలుచుటలో బయటపడినది. ఈ రెండు పాఠములను కళాశాలలో వేఱువేఱుగా జెప్పినంతకాలము ఈ సంగతి విద్యార్థికి తోచదు.

అన్నమాచార్యులవారిని జూడుడు. 1408 మొదలు 1503 వఱకు జీవించి వేలకొలది సంకీర్తనలు పాడిరి. అవి తిరుమల కొండమీది రాగిరేకులలో దాగియుండి ఇరువదవ శతాబ్దమునగాని లోకమునకు దెలియలేదు. ఆయనను పట్టికలో నేగడిలో నుంతురు? ఆరంభపుగడి సంగతియు నంతే. రాజరాజు కొలువున నన్నయభట్టు భారత మారంభించుటకు రమారమి రెండు శతాబ్దములకు బూర్వమే, 848 నాటి పండరంగుని అద్దంకి శాసనమున తరువోజ యున్నది. కరీంనగరము సీమలో కుర్క్యాల గుట్టమీద జినవల్లభుడు పదియవ శతాబ్దమున మూడు కందములు చెక్కించినాడు. ఆదికవి గౌరవమున కివి భంగము కావు. గోదావరివారమగు మాకంటె నా గౌరవ మెవరికి నెక్కువ?

తీర్పులవలన నష్ట మేమని కొందఱు పెద్ద లనుచున్నారు. ముద్దుపళని నడుగవలయును. తంజావూరి ప్రతాపసింహుని కాలమున ఆమె రచించిన రాధికాసాంత్వనమును కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రములో నీతిబాహ్యమని దూషించిరి. పంతులుగారి పాదధూళి రాజమహేంద్రవరమునకు పుణ్యము. కాని ఆ తీర్పు న్యాయము కాదని చెప్పుటకు మేము జంకము. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో దానిని సమగ్రముగా నచ్చువేయింపగా దొరతనమువారు ప్రతులను పట్టుకొనిరి. నిషేధము తొలగుట 1947 నాటి మాట. విమర్శకుని విశేషణము వెనుక పోలీసు లాఠీ నడచివచ్చిన వైనమిది.

ఇట్టి విభజనలకు మిల్లుదొర మనకు గురువు. 1817లో ఆయన మన చరిత్రను హిందూ, మహమ్మదీయ, బ్రిటిషు భాగములుగా నఱికెను. భారతదేశమున కాలిడకయే నఱికెను! ఆ నఱుకును మన చరిత్రకారులు నిరాకరించిరి. సాహిత్యములో మనకై మనము పెట్టుకొన్న గాటును మాత్రము భద్రముగా గాపాడుకొనుచున్నాము.

యుగవిభాగమే వలదని మేమనుట లేదు. గట్లు లేక పొలము దున్నుట కష్టమే. ఆరుద్రగారు సమగ్రాంధ్ర సాహిత్యమున రాజవంశములను, కంపెనీ కాలమును, జమీందారీ కాలమును గట్లుగా వేసికొనిరి. అందు కొఱతలున్నను చవుడన్న తీర్పు లేదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం గారలు 1992లో నాయకరాజుల కాలమునుగూర్చి గ్రంథము వ్రాసి, అది పతనముగాక క్రొత్త సమాజపు పుట్టుకయని నిరూపించిరి. ఇన్నేండ్లకైనను ఆ మాట మన తరగతిగదులలోనికి రావలదా?

ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము 2006లో రాజమహేంద్రవరమున వెలసినది. దాని పాఠ్యనిర్ణాయక సంఘమువారిని మేము కోరునది స్వల్పము. ప్రశ్నపత్రములనుండి 'క్షీణ' అను మాటను దీసివేయుడు. ఆ నూఱేండ్ల కాలమునుండి ఒక యక్షగానమును, కాశీయాత్రలో నొక భాగమును మూలముగనే చదివింపుడు, సంగ్రహముగా గాదు. తొమ్మిది యుగముల పేళ్లు వ్రాయుమనుటకు మాఱుగా, అందొక పేరును గైకొని అది తగునో తగదో వాదింపుమని పరీక్షలో నడుగుడు. అంతదాక మన రాయవరపు చదువరులు పఠనమందిరములో వారమున కొకసాయంకాల మా పుస్తకములను బిగ్గరగా జదువుకొనుట కెవరి యనుమతియు నక్కఱలేదు.