సాక్ష్యమును కాపాడువా రెవరు?

ఘోరమైన నేర మేదైన జరిగినప్పుడు దోషి పట్టువడెనా యని ప్రజ లడుగుదురు. పట్టువడినచో ఠాణా యధికారికి ప్రశంసలు లభించును. కాని పట్టువడిన దినము మొదలు తీర్పు వెలువడు దినము వరకు ఆ కత్తి యెచ్చట నున్నది? నెత్తురు మరకగల చొక్కా నెవరెవరు ముట్టిరి? సాక్షుల వాఙ్మూలములలో నొండొంటితో పొసగని వెన్ని? ఈ ప్రశ్నల నడుగువా రరుదు. న్యాయస్థానమున అభియోగము నిలుచుటయు కూలుటయు పలుమారు వీనిమీదనే యాధారపడునని న్యాయవాద వృత్తిలో నున్నవారి కెల్లరకు తెలియును. ఈ పనికి కీర్తి లేదు. కీర్తి లేని పనికి మన ప్రభుత్వములు మనుష్యులను నియమింపవు.

ఇంగ్లండు దేశమున 1975 మొదలు 1980 వరకు పదుమువ్వురు స్త్రీలను హత్యచేసిన పీటర్ సట్‌క్లిఫ్ యుదంత మిచట స్మరింపదగినది. పోలీసులు వానిని తొమ్మిది పర్యాయములు ప్రశ్నించి, ప్రతిసారియు విడిచిపెట్టిరి. లీడ్సు నగరమందలి మిల్‌గార్తు ఠాణాలో దర్యాప్తు కార్యాలయ ముండెను. వచ్చిన సమాచారమును అట్టముక్కలపై వ్రాసి వరుసలుగా నమర్చెడివారు. హతురా లొకతె చేతిసంచిలో దొరికిన యైదు పౌనుల నోటును గూర్చిన సమాచార మొక వరుసలోను, రాత్రివేళ వీధులలో కనబడిన మోటారుబండ్ల సమాచారము మరియొక వరుసలోను నుండెను. రెండింటను వాని పేరున్నను, రెండింటిని జోడించి చూచువారు లేకపోయిరి.

1979 జూలైలో వానిని ప్రశ్నించిన యిద్దరు కానిస్టేబుళ్లు అనుమానపడి నివేదిక పంపిరి. పైవారు దానిని దస్త్రములో చేర్పించిరి. అటుపిమ్మట మరి మువ్వురు స్త్రీలు హతులైరి. 1980 నవంబరులో వాని మిత్రుడొకడు తన పేరు చెప్పక, సట్‌క్లిఫ్ పేరును మాత్రము స్పష్టముగా వ్రాసి పంపిన లేఖ, వాడు పట్టువడువరకు కాగితముల నడుమనే పడియుండెను. 1981 జనవరి 2వ తేదీన షెఫీల్డులో వాడు దొరకుటకు కారణము ఆ యట్టముక్కలు గావు. వాని బండికున్న దొంగ నంబరు పలకలు. నకిలీ లేఖలును, నకిలీ ధ్వనిముద్రికయు అధికారులను పెడదారి పట్టించిన మాట నిజమే. అయినను సర్ లారెన్సు బైఫర్డు 1981లో సమర్పింపగా 2006లో బహిరంగమైన నివేదిక, కాగితముల వెల్లువలో దర్యాప్తు కార్యాలయమే మునిగిపోయిన తీరును బయటపెట్టెను.

ఆ యనుభవము నుండియే 1980వ దశాబ్దపు నడుమ ‘హోమ్స్’ అను కంప్యూటరు పద్ధతి ఆ దేశమున అమలులోనికి వచ్చెను. యంత్రముకంటె ముఖ్యమైనది దానిచుట్టు నేర్పడిన పని విభజనము. వచ్చిన ప్రతి పత్రమును మొదట చదువువా డొకడు. అందలి మనుష్యులను, బండ్లను, ఇండ్ల చిరునామాలను విడదీసి సూచికలో నెక్కించువా డొకడు. చేయవలసిన పనులను పంచి, జరిగినవో లేవో చూచువా డొకడు. స్వాధీనమైన వస్తువుల బాధ్యత వహించువా డొకడు. ఈ పనులలో పెక్కింటిని లాఠీయు యూనిఫారమును లేని పౌరోద్యోగులు చేయుచున్నారు. 2002 నాటి పోలీసు సంస్కరణ చట్టము పౌరోద్యోగులను దర్యాప్తు అధికారులుగా నియమించుటకు సహితము దారి యేర్పరచెను.

అచట అంతయు చక్కబడెనని మేము చెప్పుట లేదు. ముద్దాయికి ప్రతికూలమైన మార్గములనే గాక యనుకూలమైన మార్గములను గూడ శోధింపవలెనని, సేకరించిన దానిని భద్రపరుపవలెనని 1996 నాటి చట్టముక్రింద నియమావళి యేర్పడియున్నది. అయినను 2017 డిసెంబరులో లండను నగరమున నొక బలాత్కారపు అభియోగము విచారణ నడుమ కూలిపోయెను. టెలిఫోనునుండి తీసిన యిన్నూటి యిరువదింతలు గాదు, నలువదివేల సందేశములలో ముద్దాయికి తోడ్పడునవి యుండియు, అవి సకాలమున ప్రతివాదికి చేరలేదు. యంత్రము దాచిపెట్టగలదు, చదువుటకు మనుష్యుడు కావలెను.

ఇక మన దేశపు స్థితి చూతము. మన ఠాణాలలో ఈ భారమంతయు ‘రైటరు’ అని పిలువబడు హెడ్ కానిస్టేబులుపై పడుచున్నది. ఫిర్యాదు నమోదు చేయువా డతడే, కేసు డైరీ కాగితములు సవరించువా డతడే, మాల్‌ఖానా తాళము దాచువా డతడే. ఉత్సవము వచ్చినను, మంత్రి వచ్చినను, బందోబస్తునకు పోవువారిలో నతడు నుండును. మధ్యవర్తుల రిపోర్టులో నొక తేదీయు, సీలు వేసిన సంచిపై మరియొక తేదీయు నున్నప్పుడు, దాని ఫలితము నిర్దోషికి కారాగారవాసముగానో, దోషికి విముక్తిగానో పరిణమించును. రెంటను నష్టపడువారు ప్రజలే.

స్వాధీనమైన సొత్తు ఠాణాలలో వృథాగా పడియుండరాదని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి వ్యాజ్యములో నాదేశించెను. మాదకద్రవ్యముల నిల్వలను గూర్చి 2016లో మోహన్‌లాల్ వ్యాజ్యమున మరల హెచ్చరించెను. అభియోగమున కాధారముగా గైకొనని వాఙ్మూలముల, వస్తువుల జాబితాను సహితము ముద్దాయి కీయవలెనని 2022లో మనోజ్ వ్యాజ్యమున నిర్ణయించెను. న్యాయమైన నిర్ణయమే. కాని యా జాబితాను వ్రాయు చేతు లెవరివి?

2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన నూతన శాసనములు ఈ భారమును పలుమడుగులు చేసినవి. సోదాను, స్వాధీనమును ధ్వనితో గూడ చిత్రీకరింపవలెను. ఏడేండ్లు గాని, యంతకు మించి గాని శిక్షగల నేరములలో శాస్త్రనిపుణుడు నేరస్థలమునకు పోవు విధానమును రాష్ట్రము లేర్పరుపవలెను. కంప్యూటరు సాక్ష్యమునకు ధ్రువపత్రము జతపరుపవలెను. నియమము లుత్తమములే, వాని ననుసరింపవలసిన మనుష్యులను మాత్రము ఆ నియమములు సృష్టింపజాలవు.

దర్యాప్తును శాంతిభద్రతల విధినుండి వేరుచేయుడని 2006లో ప్రకాశ్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆదేశించియున్నది. పోలీసు శాఖ రాజ్యాంగముచే రాష్ట్రములకు జెందినది. కావున ఢిల్లీవైపు చూచుచు కూర్చుండక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు తామే పూనుకొని జిల్లాకొక సాక్ష్య కార్యాలయమును నెలకొల్పవలెను. అందు శాశ్వతోద్యోగులైన పౌరు లుండవలెను. పట్టభద్రులను పరీక్షచే నెన్నుకొని, శాసనమునందును, పత్రములను భద్రపరచుటయందును శిక్షణ మీయవలెను. వస్తు వొకచేతినుండి మరియొక చేతికి మారినప్పుడెల్ల సంతకము, తేదీ, వేళ నమోదు కావలెను. ఆ కార్యాలయపు లెక్కను తనిఖీ చేయు నధికారము న్యాయాధికారికి నుండవలెను.

పౌరులు రహస్యములను వెల్లడింతురని కొంద రాక్షేపింతురు. న్యాయస్థానములలోని గుమాస్తాలు పౌరులు కారా? రహస్యమును నిలుపునది యూనిఫారము గాదు. ప్రమాణము, జీతము, శిక్షాభయము. వ్యయ మధికమందురు. సాక్ష్యము చెడి కూలిన యొక హత్యాభియోగమునకు పోలీసులు, న్యాయాధిపతులు, సాక్షులు వెచ్చించిన కాలమును లెక్కవేసినచో నీ యాక్షేపణ నిలువదు. కాంట్రాక్టర్ల ద్వారమున, నెలజీతము కూడ నిశ్చయములేని వారిని తెచ్చి కూర్చుండబెట్టు పద్ధతిని మాత్రము మేము ఖండింతుము. ఆకలిగొన్న కాపలాదారుని చేతికి సాక్ష్యపు తాళము నీయుట వివేకము గాదు.

1861 నాటి పోలీసు చట్టమును విదేశ ప్రభుత్వము తన యధికార రక్షణకై చేసికొనెను. ఆనాడు ఠాణా ప్రజలకు భయస్థానము. స్వరాజ్యమున ఠాణా ప్రజలదే కావలెనన్నచో, ప్రజలు వెలుపల నిలిచి ఫిర్యాదు కాగితము చేతబట్టుకొనుటతో సరిపోదు. లోపల సాక్ష్యమును కాపాడు బల్లయొద్ద గూడ కూర్చుండవలెను. ఉభయ రాష్ట్రముల శాసనసభ్యులు రాబోవు బడ్జెటు సమావేశములలో, తమ జిల్లాలలో మాల్‌ఖానాల కెవరు బాధ్యులో, వారి కా పనియందు శిక్షణ మెప్పు డిచ్చిరో హోంమంత్రుల నడుగుదురు గాక. ప్రత్యుత్తరము రానిచో నదియే ప్రజలకు ప్రత్యుత్తరము.