గృహనిర్మాణ విద్య

వేసవిలో ఎండ 40 డిగ్రీలు మించు విజయవాడ, హైదరాబాదు నగరములలో గాజుపలకలు తాపిన మేడలు లేచుచున్నవి. ఎండను లోనికి రానిచ్చి, పిదప ఆ వేడిని యంత్రములచే వెలుపలికి నెట్టించుట యేమి వివేకమో మాకు బోధపడకున్నది.

మన పెద్దలు ఈ నేలకు తగిన యిండ్లు కట్టుకొనిరి. గోదావరి సీమలోని మండువా లోగిలియందు నడిమి వాకిటి గుండ వేడిగాలి పైకి పోవును. గదులకు వెలుతురు వచ్చును. ఉత్తరాంధ్ర తీరమునందలి చుట్టిండ్లకు మూలలు లేవు. కప్పు నేలకు వాలియుండును. కావున తుపానుగాలి పట్టు చిక్కక ప్రక్కలకు జారిపోవును. వీనిని మోటుగుడిసెలని యీసడించుట తగదు.

1945లో ఈ దేశమునకు వచ్చిన లారీ బేకరు పల్లెకట్టడములను చూచి నేర్చుకొని, తిరువనంతపురమున ఇటుకలను నిలువున పేర్చి నడుమ ఖాళీ విడిచెడి గోడలు కట్టించెను. ఆ పద్ధతిచే ఇటుకలలో ఇంచుమించు నాల్గవవంతు మిగులును. ఇల్లు చల్లగా నుండును. పరదేశమున పుట్టినవాడు గుర్తించినదానిని మనమేల మరువవలయును?

నగరవీథులలో మండువా లోగిళ్లనే మరల కట్టుడని మేము చెప్పుట లేదు. స్థలము చాలదు, కలప ప్రియము. వాని లోని సూత్రమును గ్రహింపుడనుచున్నాము. కళాశాలలు ప్రతి విద్యార్థిచేతను ఒక పాత యింటిని కొలిపించి పటము గీయింపవలయును. అనుభవజ్ఞుడగు తాపీమేస్త్రీని బోధకుని సరసన కూర్చుండబెట్టవలయును. 1972 నాటి చట్టము వాస్తుశిల్పి బిరుదమును కాపాడినది. వృత్తిధర్మమును కాపాడుకొనవలసినవారు ఆ వృత్తివారే.

ఇల్లు కట్టింపబోవు సోదరులారా! కరెంటు పోయిన వేసవి రాత్రి ఆ యింట నిద్ర పట్టునా యని ముందుగా అడుగుడు.