మితానిన్‌కు చప్పట్లు సరే, జీతం మాటేమిటి?

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ నుంచి బాసగూడ వెళ్లే దారిలో ఉంటుంది ఆవపల్లి. గోండి, దోర్లీ, హిందీతో పాటు తెలుగు కూడా వినిపించే ప్రాంతం ఇది. మిరప తోటల్లో పని కోసం ఈ జిల్లా నుంచి ఏటా కూలీలు తెలంగాణకు వస్తుంటారు. ఈ అటవీ ప్రాంతంలో ఎవరికైనా జ్వరం వస్తే ఇంటివాళ్లు ముందుగా కబురు పెట్టేది డాక్టరుకు కాదు, మితానిన్‌కు.

ఛత్తీస్‌గఢీలో మితానిన్ అంటే స్నేహితురాలు. రాష్ట్రం ఏర్పడిన రెండేళ్లకే, 2002లో ప్రభుత్వం ఈ పథకాన్ని మొదలుపెట్టింది. 2005లో వచ్చిన ఆశా వ్యవస్థకు ఇది ఒక నమూనా. ఇప్పుడు రాష్ట్రంలో దాదాపు 70 వేల మంది మితానిన్‌లు ఉన్నారు.

ఆశాకూ మితానిన్‌కూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఆశా కార్యకర్తను సాధారణంగా వెయ్యి మంది జనాభాకు ఒకరు చొప్పున నియమిస్తారు. మితానిన్‌ను మాత్రం ఒక్కో పారాకు, అంటే మనం గూడెం అనుకునే ఒక్కో నివాసానికి, అక్కడివాళ్లే ఎంచుకుంటారు. బస్తర్‌లో ఒకే ఊరి గూడేలు వాగులకు, గుట్టలకు అటూ ఇటూ విసిరేసినట్టు ఉంటాయి. అక్కడ జనాభా లెక్క కన్నా నడక దూరమే ముఖ్యం.

మలేరియాపై పోరాటంలో ఈ తేడా విలువ తెలిసింది. 2020 జనవరిలో 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమం మొదలైంది. జ్వరం ఉన్నవాళ్లకే కాకుండా, ఇంటింటికీ తిరిగి అందరికీ రక్త పరీక్షలు చేశారు. పైకి ఏ లక్షణమూ కనిపించని చాలామందిలో మలేరియా బయటపడింది. తొలి విడతలో 4.6 శాతంగా ఉన్న పాజిటివిటీ తర్వాతి విడతల్లో ఒక శాతం లోపునకు తగ్గిందని అధికారిక లెక్కలు చెబుతున్నాయి. ఒంట్లో బాగానే ఉన్న మనిషిని సూదితో గుచ్చించుకోవడానికి, మాత్రలన్నీ పూర్తిగా మింగడానికి ఒప్పించాలంటే ఆ భాష తెలిసిన, ఆ గూడెంలోనే ఉండే మనిషి కావాలి.

ఆ మనిషి పని ఇక్కడ తేలిక కాదు. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక బీజాపూర్, దంతెవాడ ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలమంది అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు తరలివచ్చారు. పోలీసులకు సాయంగా గిరిజన యువకులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్నేళ్ల సాయుధ ఘర్షణ మధ్య, అడవి దారిలో మందుల సంచితో నడవడం కూడా అనుమానాలకు తావిచ్చే పనే.

ఇంత బాధ్యత మోస్తున్నా ఆమె ప్రభుత్వ లెక్కల్లో ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. జీతమిస్తే ఆమె గూడెం మనిషిగా కాక సర్కారు మనిషిగా మారిపోతుందన్న వాదన తొలినాళ్లలో ఉండేది. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ తర్వాత వచ్చింది పనికింత అనే ప్రోత్సాహక పద్ధతి. ప్రసవానికి ఆసుపత్రికి తీసుకెళితే డబ్బు వస్తుంది. రాత్రంతా రోగి పక్కన కూర్చుంటే రాదు. అంటే గూడేనికి కావలసిన పని వెనక్కి పోయి, రిజిస్టరులో రాయగలిగిన పని ముందుకొస్తుంది. జీతం వల్ల వస్తుందని భయపడిన ముప్పు, జీతం లేకపోవడం వల్లే వచ్చింది.

ఆశాలకు కేంద్రం ఇచ్చే నెలవారీ స్థిర ప్రోత్సాహకం 2018లో 2,000 రూపాయలకు చేరింది. దాన్ని 3,500కు పెంచాలని 2025లో నిర్ణయించారు. పథకాల్లో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించి, కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని 2013లోనే 45వ భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలను సత్కరించింది. సత్కారం అందినా సిఫారసు పూర్తిగా అమలు కాలేదు.

మెరుగైన చెల్లింపు సాధ్యమేనని చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆశాల గౌరవ వేతనాన్ని 10,000 రూపాయలకు పెంచింది. తెలంగాణలో ఆశాలు 2015లో వంద రోజులకు పైగా సమ్మె చేస్తే తప్ప వారి గోడు చర్చకు రాలేదు.

మితానిన్‌ను ఎంచుకునే హక్కు గూడేనికే ఉంచి, ఆమెకు నెలనెలా తగిన వేతనం, దారిలో ఏదైనా జరిగితే కుటుంబానికి పరిహారం ఇవ్వవచ్చు. ఈ రెండింటికీ మధ్య వైరుధ్యం లేదు. సేవాభావం ఆమె ఇష్టంగా ఇస్తున్నది. దాన్ని ఖర్చు తగ్గించుకునే మార్గంగా వాడుకోవడం మాత్రం ప్రభుత్వాల నిర్ణయం.