భూభారతి: రికార్డు మార్చిందెవరు? ఏజెన్సీ రైతుకు జవాబు ఆడిట్ లాగ్‌లోనే!

ఖమ్మం: పాస్‌బుక్‌లో పది గుంటలు తగ్గితే రైతు అడిగే మొదటి ప్రశ్న.. ఎవరు మార్చారు? ఆన్‌లైన్ రికార్డుల కాలంలో దీనికి జవాబు దొరికేది ఆడిట్ లాగ్‌లోనే.

2020 సెప్టెంబర్‌లో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. అక్టోబర్ 29న ధరణి వచ్చింది. ఊళ్లో పహాణీ రాసే మనిషి పోయాడు, రికార్డు సర్వర్‌లోకి చేరింది. తప్పు పడితే సివిల్ కోర్టే దిక్కైంది. 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతి ఆఫీసర్ల దగ్గరే అప్పీలుకు అవకాశం ఇచ్చింది. తొలి 4 పైలట్ మండలాల్లో ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఒకటి. కానీ అప్పీలుకు ఆధారం కావాలిగా!

అసలేంటీ ఆడిట్ లాగ్?

ప్రతి మార్పునూ సిస్టమ్ తనంతట తానే రాసుకునే డైరీ ఇది. ఏ లాగిన్, ఏ టైమ్, ఏ కంప్యూటర్, పాత ఎంట్రీ ఏంటి, కొత్తది ఏంటి.. అన్నీ ఇందులో ఉండాలి. చేర్చడమే తప్ప చెరపడం కుదరకూడదు. రికార్డు మార్చే అధికారం ఉన్నవాళ్లకు లాగ్‌ను ముట్టుకునే అధికారం ఇవ్వకూడదు. ఒకే లాగిన్‌ను నలుగురు వాడితే మాత్రం లాగ్ ఉన్నా లేనట్టే.

భద్రాచలం వైపు ఎందుకింత కీలకం?

ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదకు మారకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా వారసులకు వెళ్తుందే తప్ప అమ్మడానికి వీల్లేదు. అంటే ఇక్కడ రికార్డులో ఒక్క పేరు మారినా ఎందుకు మారిందో చూడాల్సిందే. లాగ్ లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం కష్టం.

180 రోజులు సరిపోతాయా?

కంప్యూటర్ లాగ్‌లను 180 రోజులు దాచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. సైబర్ దాడుల కేసులకు అది సరిపోవచ్చు. కానీ భూమి తగాదా తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. అడవి అంచున సిగ్నల్ సరిగ్గా అందని గూడెంలో, రికార్డు మారిందన్న సంగతి తెలిసేసరికే ఆ గడువు దాటిపోవచ్చు.

అందుకే భూమి రికార్డుల లాగ్‌కు గడువు పెట్టకుండా ఎప్పటికీ దాచాలి. అది ఆఫీసర్ల స్క్రీన్ మీదే ఆగిపోకూడదు. తన సర్వే నంబర్‌లో ఇప్పటిదాకా జరిగిన మార్పులన్నీ రైతు చేతికి తెలుగులో, సంతకంతో ఉన్న కాపీగా రావాలి. అప్పుడే అప్పీలుకు బలం.