కాగజ్ చూపకపోతే బీమా లేనట్టేనా?

మొన్న జుమేరాత్ నాడు అమ్మీని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే కారు ఆపారు. బీమా కాగజ్ ఇంట్లో ఉండిపోయింది. ఫోన్‌లో చూపిద్దామంటే చార్జింగ్ లేదు. గల్తీ నాదే, ఒప్పుకుంటా. కానీ చలానాలో ఏం రాశారు? 'బీమా లేదు' అని. జుర్మానా 2000.

భాయ్, కాగజ్ దగ్గర లేకపోవడం వేరు, బీమాయే లేకపోవడం వేరు. మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ రెండోదానికి. మొదటిదానికి 1989 నాటి కేంద్ర నిబంధనల్లో 139వది ఉంది. అడిగిన నాటి నుంచి 15 రోజుల్లో ధ్రువీకరించిన నకలు పంపుకునే మొహ్లత్ ఒకప్పుడు అదే ఇచ్చేది.

"రెండు వేలే కదా, కట్టి పడేయ్ బేటా" అన్నారు అబ్బా. ఆటో నడిపే మన చాచాలకు అది ఎన్ని రోజుల కమాయి? పైగా కడితే చేయని జుర్మ్‌ను కబూల్ చేసినట్టే.

బీమా లేకుండా బండి తీసేవాళ్ల తరఫున నేను మాట్లాడటం లేదు. వాళ్ల చక్రాల కింద పడ్డవాడి ఇల్లు గడిచేదెట్లా? ఆ జుర్మానా వాళ్ల కోసమే. బీమా ఉన్నవాడి మీద వేస్తే అది ఇన్సాఫ్ కాదు.

పాలసీ నకలు జతచేసి దరఖాస్తు ఇచ్చా. వినకపోతే అదాలత్‌కే వెళ్తా. మీరూ చలానా రాగానే తలవంచి కట్టకండి. ముందు ఏ సెక్షన్ రాశారో చదవండి.