రక్తములోని హార్మోను వేరు, గడ్డలోని గ్రాహకము వేరు

“ముట్లుడిగి పదేండ్లాయె, ఇంకా హార్మోను గోళీలెందుకయ్యా? ఏదైనా కషాయమియ్యరాదా?” రొమ్ము కేన్సరుకు శస్త్రచికిత్స జరిగిన పాలమూరు, నల్లగొండ ప్రాంతపు స్త్రీలు వైద్యులను తరచుగా అడుగు ప్రశ్న ఇది. దీనికి సరియైన సమాధానము ప్రతి ఇంటికిని తెలియవలెను.

రక్తములో తిరుగాడు ఈస్ట్రోజన్ తాళపుచెవి వంటిది. గడ్డ కణములలోని గ్రాహకము తాళము వంటిది. ముట్లుడిగిన పిమ్మట అండాశయములు విశ్రమించినను, శరీరపు కొవ్వులో ఈస్ట్రోజన్ కొద్దికొద్దిగా తయారగుచునే యుండును. గ్రాహకములున్న గడ్డ పెరుగుటకు ఆ కొద్దియు చాలును. గ్రాహకములున్నవో లేవో రక్తపరీక్ష చెప్పజాలదు. గడ్డ ముక్కను పరీక్షించిననే తెలియును.

1896లో గ్లాస్గో వైద్యుడు బీట్సన్, అండాశయములు తొలగించిన మీదట రొమ్ము గడ్డ తగ్గినదని ప్రకటించెను. అయితే ఆ చికిత్స అందరికిని ఫలింపలేదు. కారణము, అమెరికాలో జెన్సెన్ 1950ల చివర మొదలిడిన గ్రాహక పరిశోధనల వలన తెలియవచ్చినది. గ్రాహకములున్న గడ్డలే హార్మోను చికిత్సకు లొంగును.

టామాక్సిఫెన్ తాళపు రంధ్రమును మూసివేయును. లెట్రోజోల్ తాళపుచెవి తయారీనే అణచును. వీనిని సాధారణముగా 5 ఏండ్లు, కొందరు అంతకు మించియు వాడవలసియుండును. గ్రాహకములు లేనివారికి ఇవి పనిచేయవు. మన దేశములో అట్టి గడ్డలు పాశ్చాత్య దేశములకంటె ఎక్కువ పాళ్ళలో కలవు. కనుక పొరుగింటామె మందు మనకు మందు కాదు.

సుశ్రుతుడు అర్బుదమును వర్ణించెను. గ్రాహకమును చూచు సాధనము ఆనాడు లేదు. ఇప్పుడున్నది. దానిని కాదనుట శాస్త్రభక్తి అనిపించుకొనదు. గ్రాహక ఫలితము చూడక వైద్యుడెవరును మందీయరాదనియు, గోళీలు మాన్పించి కషాయమిచ్చుట అపచారమనియు నా దృఢాభిప్రాయము. “మూలికయే కదా, హాని యేమి?” అనుట సరికాదు. అతిమధురములో ఈస్ట్రోజనును పోలిన గుణముగల పదార్థములు కలవు. పసుపు సారపు గుళికలను మిరియాల సారముతో కలిపి వాడిన స్త్రీల రక్తములో, టామాక్సిఫెన్ నుండి తయారగు క్రియాశీల పదార్థము తగ్గినట్లు 2019లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రకటించిరి. కూరలోని చిటికెడు పసుపునకు భయపడనక్కరలేదు. గుళికల సంగతి మాత్రము కేన్సరు వైద్యునకు చెప్పితీరవలెను.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి యున్నది. రొమ్ములో గడ్డ తగిలినచో పసరు కట్లతో కాలము గడపక పరీక్షకు వెళ్ళుడు. గడ్డ కేన్సరని తేలినచో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ గ్రాహకములు, హెర్-2 ఫలితములు వ్రాసిన కాగితమును అడిగి పుచ్చుకొని భద్రపరచుడు. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినను మొదట దానినే చూపుడు.