ముల్లు మీద రూపాయి బిళ్ళ

రికార్డు గెంతులు వేస్తే మనవాళ్ళు చేసే మొదటి వైద్యం ఒకటుంది. ముల్లున్న తల మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టడం! పాట ఆగకుండా సాగుతుంది, అందరూ సంతోషిస్తారు. ఈ నాటు వైద్యాన్ని మన కాలేజీలోంచి సాగనంపాలని నా వాదన.

లెక్క చూద్దాం. ఎల్.పి.లకు వాడే మాగ్నెటిక్ కార్ట్రిడ్జిల్లో చాలావాటికి 1.5 నుంచి 2 గ్రాముల బరువు చాలు. ఇప్పటి రూపాయి బిళ్ళ 3 గ్రాములకు పైనే. అంటే, బిళ్ళ పెట్టగానే భారం దాదాపు మూడింతలవుతుంది. వజ్రపు ముల్లు మెత్తని వినైల్ గాడిని ఒరుసుకుంటూ పోతుంది. అలాగని మరీ తేలిక చేసినా ప్రమాదమే. ముల్లు గాడిలో నిలవక అటూ ఇటూ కొట్టుకుంటుంది.

అసలు మందు అయిదు నిమిషాల పని. యాంటీ స్కేటింగ్‌ను సున్నా చేసి, వెనకనున్న బరువును తిప్పుతూ, చేయి త్రాసు కాడలా గాలిలో సమంగా నిలిచేట్టు చూడాలి. అక్కడ అంకెల చక్రాన్ని సున్నాకు తెచ్చి, తర్వాత కార్ట్రిడ్జి కంపెనీవారు చెప్పినంత బరువివ్వాలి. యాంటీ స్కేటింగ్‌నూ అదే అంకెకు పెట్టాలి. ఇంకా గెంతుతోందా? రికార్డు మీద దుమ్మో గీతో, ముల్లుకు అరుగుదలో, బల్లకు వంకరో ఉందన్నమాట. జబ్బు వెతకాలి గాని బిళ్ళ వెతక్కూడదు.

పాత 78 రికార్డుల సంగతి వేరు. వాటి గాడి వెడల్పు. స్థానం నరసింహారావు గారి పాటను ఎల్.పి. ముల్లుతో వేస్తే అది గాడి అడుగున దేకుతూ గరగరలే ఎక్కువ వినిపిస్తుంది. వాటికి లావుపాటి ముల్లు విడిగా ఉండాల్సిందే.

“అన్నీ సెల్‌ఫోన్లో దొరుకుతుంటే ఈ తంటా దేనికి?” అంటారు మిత్రులు. దొరికేవి దొరుకుతాయి, కాదనను. కాని పూర్వ విద్యార్థులు మనల్ని నమ్మి ఇచ్చిన పెట్టెల్లో ఇంకెక్కడా లేని గొంతు ఏదుందో ఎవరికి తెలుసు? అరిగిపోయిన గాడిని ఏ కంప్యూటరూ తిరిగి చెక్కలేదు.

వార్షికోత్సవానికి పెద్ద స్పీకర్లు కొనాలని యూనియన్‌లో మాటలు సాగుతున్నాయి. కొనండి, వద్దనను. ముందుగా ఒక కొత్త ముల్లూ, దాని బరువు చూసే చిన్న త్రాసూ కొనండి. స్పీకరు పెద్దదైతే గరగర కూడా పెద్దదే అవుతుంది మరి! ఫిజిక్సు ల్యాబులో మిల్లీగ్రాముకు మార్కులు పోగొట్టుకునే మనం, పాట దగ్గరికొచ్చేసరికి చిల్లర డబ్బును నమ్ముకోవడం ఏం మర్యాద?